గరుసు పక్క గోధుమ

మా ఆయన గంగాధర్‌కు కోపమొస్తే ఊరంతా వింటుంది. నాకొస్తే ఆయన ఒక్కడే వింటాడు. మొన్న మార్గశిరంలో మాత్రం మా ఇద్దరి గొడవ చేను గట్టు దాటి రోడ్డు దాకా వినిపించింది. కారణం యూరియా.

మహారాష్ట్ర సరిహద్దున దెగ్లూర్ దగ్గర మాకిప్పుడు ఒక ఎకరం ఉంది. మాకు! తాతల నాటి నుంచి పరాయి చేలలో నడుములు వంచిన మాకు! సగం నల్లరేగడి, సగం నీరు నిలవని గరుసు నేల. మొదటి పంటగా గోధుమ వేశాం. నాగనాథ్ పాటిల్ రేగడి చేలో ఏళ్ల తరబడి కూలి చేసిన అలవాటు కొద్దీ, మా ఆయన రెండు సగాలకూ ఒకే తీరుగా యూరియా చల్లి, రోజంతా మోటరు వదిలాడు. రేగడి దాన్ని పట్టుకుని కూర్చుంది. గరుసు నేలలో మాత్రం యూరియా నీళ్లతో పాటే వేర్లకు అందకుండా కిందికి దిగిపోయింది. అటు గోధుమ నవనవలాడుతుంటే, ఇటు కింది ఆకులు పసుపుబారాయి.

వేరే రోజుల్లో అయితే ఇంత దిగులు ఉండేది కాదు. వేళ అమావాస్య దగ్గరపడుతోంది. ఆ రోజు మా వైపు పొలమున్నవాళ్లు జొన్నచొప్పతో చేలోనే చిన్న గుడిసెలా కొప్పి వేసి, పూజ చేసి, వచ్చినవాళ్లకు కడుపునిండా పెడతారు. పొలం లేనివాళ్లు పిలుపు కోసం చూస్తారు. మా అత్త కాశీబాయి ఇన్నేళ్లూ ఆ పిలుపు మీదే తిన్నది. పిలిచేదాకా గట్టు దిగేది కాదు. ఈ ఏడు పిలిచేది మేము.

"పాటిల్‌ను గూడ పిలిసిన. గీ పసుపు చేను సూసి నవ్వుతడు. బస్తా మొత్తం ఒక్కపారి గుమ్మరిస్త, అమావాస్య దాక పచ్చగైతది," అన్నాడు మా ఆయన, బస్తా భుజాన వేసుకుని.

"గుమ్మరియ్యి, మల్ల నీళ్లల్ల కొట్టుకపోని! సిల్లికుండల ఎన్ని నీళ్లు పోస్తె ఏం నిలుస్తది?" బస్తా మూతి పట్టుకుని గుంజాను. "ఎవుసం ఆఫీసు మేడం ఏం జెప్పింది? గరుసు నేలకు కొంచెం కొంచెం, మల్ల మల్ల పెట్టాలె. తడి గూడ పైపైన ఇయ్యాలె."

"గట్లయితే పండుగ దాక పచ్చగ గాదు."

"పండుగకు ఆకు సూపిస్తవా, ఇంటికి గింజ తెస్తవా?"

బస్తా దించాడు. నా మాటకు ఒప్పుకున్నాడో, నా నోటికి జడిశాడో తెలియదు. నాకు రెండూ ఒకటే. కొంచెమే చల్లి, పైపైన తడిపి, మిగతాది తర్వాతి తడులకు దాచిపెట్టాను.

పండుగ పొద్దున చూస్తే గరుసు వైపు కొత్త ఆకు పచ్చగా వచ్చింది కానీ, రేగడి పక్కన అది వెలవెలబోతూనే ఉంది. మా ఆయన కొప్పి వేయడానికి చొప్పమోపు ఎత్తుకుని రేగడి చివరికి నడిచాడు. అక్కడ కూర్చుంటే గరుసు కనబడదు మరి. అత్త అడ్డం వచ్చింది.

"ఇద్దరు కొడుకులల్ల ఒకడు బక్కగుంటె, సుట్టాలస్తే వాన్ని ఇంట్ల దాస్తమారా? నడుమ ఎయ్యి కొప్పి."

నడుమే వేశాం. కలగూరల బజ్జి, సజ్జ ఉండలు, అంబలి అన్నీ దించాం. అత్త అంబలిని చేను చుట్టూ చల్లింది, గరుసు వైపు రెండుసార్లు.

పాటిల్ వచ్చాడు. వచ్చీ రాగానే, "ఈ సగం ఇట్ల తెల్లబోయిందేంది? ఇదెవరిది గంగాధర్?" అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయన తల వంచుకున్నాడు. పక్కవాళ్లదని అనేస్తాడేమో అనుకున్నాను.

"మాదే, పాటిల్ సాబ్," అన్నాడు తలెత్తి. "గరుసు నేల. మీ రేగడి లెక్క ఒక్కపారి తిని దాసుకోదు. కొంచెం కొంచెం తినిపిస్తున్నం. గదీ మాదే, గిదీ మాదే."

కోపం లేకుండా నా మొగుడి గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. గర్వంతో నా ఒళ్లు పొంగింది. పాటిల్ వంగి గరుసు వైపు పిలకలు చూసి, తలాడించి, విస్తరి ముందు కూర్చున్నాడు.

వడ్డించడానికి అత్త కోసం వెతికాను. రోడ్డు గట్టు మీద నలుగురైదుగురు కూలివాళ్లు నిలబడి ఉన్నారు, ఎవరైనా పిలుస్తారేమోనని. అత్త వాళ్ల వైపు చెయ్యెత్తి కేకేసింది.

"గాడ నిలబడ్డరేంది? గిటు రాండి! మా చేన్లకు రాండి!"