వేదిక కింది గొంతు

"నిన్న నీ గొంతు మూడో వరస దాకా వినబడింది, క్లెమాన్స్. కాస్త తగ్గించు," అన్నాడు మాక్సాన్స్, కాఫీలో రొట్టె ముంచుకుంటూ.

అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్న క్లెమాన్స్ తలెత్తకుండానే "అలాగే" అంది.

అనేసింది గానీ ఆ మాట లోపలెక్కడో నలుగుతూనే ఉంది. తగ్గించుకోవడానికేనా తను ఆ గొంతును పెంచుకుంది? ఫ్రాన్సులో, లియోఁ ఊరి కొండ మీద పట్టుమగ్గాల ఇంట పుట్టిన పిల్ల. అమ్మ నేస్తుంటే, ఆ మోతను మించి వినబడేలా పద్యాలు వల్లించేది. నాటకశాలలో అన్నిటికన్నా పైన, కప్పుకి ఆనుకుని ఉండే చవక బెంచీలను ఆ ఊళ్ళో స్వర్గం అంటారు. "స్వర్గంలో కూర్చున్న బీదవాడికి నీ మాట అందకపోతే వాడి డబ్బు దొంగిలించినట్టే," అనేది నటన నేర్పిన ముసలావిడ. క్లెమాన్స్ మాట అందేది. పంతొమ్మిదో ఏట మొదటి నాటకం, తర్వాత పారిస్, మూడు సినిమాలు. రైల్లో ఎవరో ఒకరు గుర్తుపట్టి పక్కకు జరిగి చోటిచ్చేవారు. దర్శకుడు మాక్సాన్స్‌ను పెళ్ళాడి సొంత ఊరికి వచ్చింది. పాప పుట్టింది. "ఒక్క సీజను ఆగు, పాపకి నడక రానీ," అన్నాడు. పాప నడిచింది, బడికెళ్ళింది, ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ ఒక్క సీజనూ పదమూడేళ్ళుగా సాగుతూనే ఉంది. మధ్యలో, నటులు మరిచిన మాటను కింది నుంచి అందించే ప్రాంప్టరు ముసలాయన పోతే, "నీకు నాటకాలన్నీ కంఠతా వచ్చు కదా, ఇంటిమనిషివి," అని వేదిక అంచున నేలలోకి దించిన పెట్టెలో ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. ఇంటిమనిషికి జీతమేమిటి? ఆ పెట్టెలోంచి ముందుగా కనబడేవి నటుల చెప్పులు. ఎవరి మాట ఎక్కడ తడబడబోతోందో వాళ్ళ మడమలే చెప్పేసేవి. "ఊరంతా చూసిన మొహం, ఇకనైనా ఒక్కడికి చూపించు," అనేది అత్తగారు సూపు వడ్డిస్తూ. నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నదానికి ఎలా ఎదురు చెబుతాం?

క్లెమాన్స్ బెంగ చప్పట్ల మీద కాదు. తెర పక్క చీకట్లో నిలబడినప్పుడు వేళ్ళు చల్లబడి, ఇంకెవరో మనిషి వచ్చి తన ఒంట్లో సర్దుకుని కూర్చునే క్షణం ఒకటుంటుంది. దాని మీద. అంట్లు తోముతూ ఒక్కోసారి చేతులు చన్నీళ్ళలో అలాగే ఉంచేసేది, ఆ మనిషి వస్తుందేమోనని.

ఆవేళ సంతలో ఉల్లికాడలు బేరమాడుతుంటే, నాటకశాలలో దుస్తులు కుట్టే బెర్త్ వచ్చి భుజం మీద ఒక్కటి వేసింది.

"ఏమే పిల్లా, పారిస్ నుంచి వెతుక్కుంటూ వస్తే కాదన్నావట! అంత పొగరేమే?"

"ఎవరొచ్చారు?"

బెర్త్ మొహంలో నవ్వు మాయమైంది. "సినిమావాళ్ళే. ఎవరో గిస్లెన్ అట. నెలరోజులైంది. నువ్వు వృత్తి మానేశావని మీ ఆయన సంతకం పెట్టి మరీ ఉత్తరమిచ్చాడు. నీకు... తెలీదూ?"

మధ్యాహ్నం భోజనాల దగ్గర క్లెమాన్స్ అడిగింది.

మాక్సాన్స్ చేప ముల్లు తీస్తూ, "ఓ అదా. కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చే ముసలి తల్లి వేషం. రెండే సీన్లు. నీ పరువు కాపాడదామనే," అన్నాడు.

"ఆ తల్లి పేరేమిటి?"

"ఎవరికి గుర్తు! అయినా నువ్వెళ్తే ఇక్కడ ప్రాంప్టింగ్ ఎవరు చేస్తారు? ఈ వయసులో నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

రోజూ చూసుకుంటోంది. కళ్ళ కింద చారలు, పెదవుల పక్క గాడి. ముప్పయ్యేళ్ళ మొహానికి లేనివన్నీ ఈ మొహానికి వచ్చాయి. ఆ తల్లికి కావలసింది సరిగ్గా ఈ మొహమే. పేరైనా తెలియని ఆ ముసలామె నెలరోజులుగా ఎక్కడో గుమ్మంలో తనకోసం నిలబడి ఉన్నట్టనిపించి క్లెమాన్స్ సగంలోనే లేచింది. కంచాలు తీసింది. మొదటిసారి కడగకుండా తొట్టిలో వదిలేసి, కోటు తగిలించుకుని పోస్టాఫీసుకి నడిచింది.

బెర్త్‌ని అడిగి తెచ్చుకున్న పారిస్ నంబరుకి, అద్దాల గదిలో ఫోను కలిసేసరికి అరగంట పట్టింది.

"అయ్యో మదామ్, ఆ వేషం పోయినవారమే వేరేవాళ్ళకి ఇచ్చేశాం," అంది గిస్లెన్.

క్లెమాన్స్ కళ్ళు మూసుకుంది. "ఆమె పేరేమిటి? ఆ తల్లి పేరు?"

"ఎర్నెస్తీన్. ఎందుకండీ?"

"ఊరికే. తెలుసుకుందామని."

"మదామ్, నేనొకటి అడగనా? మా అక్కకి చిన్న నాటక బృందం ఉంది. ఉత్తరాన బొగ్గుగనుల ఊళ్ళు తిరుగుతారు. ముసలి దాది వేషానికి మనిషి కావాలి. హాళ్ళు చలి, బసలు అంతంతమాత్రం. సోమవారం నుంచి లిల్ పట్టణంలో రిహార్సల్సు."

"వస్తాను."

"వేషమేంటో పూర్తిగా వినరా?"

"రైల్లో చదువుకుంటాను. నాటకం ప్రతి పంపించండి. నా పుట్టింటి పేరుకి, ఫొరే అని. ఇంటికి కాదు, పోస్టాఫీసుకి."

గిస్లెన్ ఇబ్బందిగా గొంతు సవరించుకుంది. "మరి... మీవారు? రేపు ఆయన 'మా ఆవిడ పని చెయ్యడానికి వీల్లేదు' అంటే కాంట్రాక్టు చెల్లకుండా పోవచ్చు. చట్టం అలా ఏడిచింది కదండీ."

అద్దం అవతల వరసలో నిలబడ్డవాళ్ళు తొందరగా కానిమ్మని చేతులూపుతున్నారు. క్లెమాన్స్ తొందరపడలేదు.

"ఆయన ఇచ్చిన ఉత్తరం మీ దగ్గరే ఉంది కదమ్మా, భద్రంగా దాచండి," అంది. "వృత్తి మానేసిందని తనే సంతకం పెట్టి ఇచ్చాక, మానేసినదాన్ని మళ్ళీ మాన్పించడం ఏ మొగుడి తరం?"