లెన్సులోకి చూసిన మనిషి

నేదా పోయిన మర్నాడు వాళ్ల వీధి తలుపుకీ, రొట్టెల కొట్టు గోడకీ, ట్రాలీబస్సు ఆగే చోట స్తంభానికీ మరణ ప్రకటన కాగితాలు అతికించారు. రూసె ఊళ్లో ఎవరు పోయినా అంతే. పైన ఫోటో, కింద పేరు, వయసు. ఆ ఫోటో గుర్తింపు కార్డులోది. అందులో నేదా చెయ్యని తప్పుకి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుంది.

ఆమె అక్క వెల్కా స్తంభం ముందు ఆగి ఆ కాగితాన్ని చూసింది. తర్వాత చెల్లెలి మొగుడు క్రుమ్‌ని చూసింది.

"పదకొండేళ్లుగా మెళ్లో ఆ డబ్బా వేలాడేసుకుని ఊరంతా తిరిగావు కదయ్యా. దారిన పోయే ప్రతి దానయ్యనీ ఫోటో తీశావు. కట్టుకున్నదానిది ఒక్కటి లేదూ?"

"ఉంటుంది వదినా. వెతకాలి."

"వెతుకు. నలభయ్యో రోజున మళ్లీ అతికించే కాగితంలో నా చెల్లెలు మనిషిలా కనపడాలి. ఇలా జైలుకి పోయేదానిలా కాదు."

క్రుమ్ ట్రాలీబస్సు డిపోలో ఎలక్ట్రీషియను. నలభై అయిదేళ్ల వయసులో పేట గ్రంథాలయం బీరువాలో అతనికి పాత ఆల్బములు దొరికాయి. ఎప్పుడో చచ్చిపోయిన మహానుభావులు వీధుల్లో తీసిన ఫోటోలవి. వాననీటి మీద ఎగిరి దూకే మనిషి, గోడ వారన ముద్దు పెట్టుకునే జంట, సంతలో కునుకు తీసే ముసలమ్మ. ఒక్కో పేజీ ముందు గంటసేపు కూర్చునేవాడు. గురువులు పోయినవాళ్లయితే ఒక సుఖముంది. శిష్యుడు తప్పు నేర్చుకున్నా లేచొచ్చి చెవి మెలిపెట్టరు. అలా నేర్చుకున్న చదువుని మూడు ముక్కలు చేసి, అట్టముక్క మీద రాసి, ఫిల్ములు కడుక్కునే స్నానాలగది తలుపుకి కొట్టుకున్నాడు. దగ్గరికి వెళ్లు. తియ్యనా అని అడక్కు. ఎవరైనా లెన్సులోకి చూస్తే బొమ్మ చచ్చినట్టే.

ప్రతి ఆదివారం పొద్దున్నే సంతవీధికి వెళ్లేవాడు. మధ్యాహ్నమైనా ఇల్లు గుర్తొచ్చేది కాదు. మొదట్లో నేదా వచ్చి వీధి అవతల నుంచి "క్రుమ్, సూపు చల్లారిపోతోంది!" అని కేకేసేది.

"అరవకే తల్లీ! జనం ఉలిక్కిపడతారు. బొమ్మ పోతుంది."

"సరే, అరవను."

"నాకేసి చూడకు కూడా. నువ్వు చూస్తే లెన్సులోకి చూసినట్టే."

"మరి నీకేసి కాక ఎవరికేసి చూడమంటావు?"

ఆ మాటకి అతను నవ్వలేదు. ఆ తర్వాత ఆమె కేకలు మానేసింది. తనంతట తనే ఇంటికి వెళ్తున్నాననుకునేవాడు క్రుమ్. వెళ్లేసరికి పొయ్యి మీద సూపు వేడిగా ఉండేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు, ఇంట్లో మనిషి బొమ్మకి పనికొస్తుందని అతనికెప్పుడూ తోచలేదు.

ఇప్పుడు అచ్చు వేసిన ఫోటోల పెట్టెలన్నీ నేల మీద బోర్లించాడు. ఎగిరే పావురాలున్నాయి, పుచ్చకాయలు మోసే జిప్సీలున్నారు, డాన్యూబ్ నది మీద పొగమంచుంది. నేదా లేదు. ముప్ఫై రోజులు గడిచాయి. రోజూ తలుపు తీసినప్పుడల్లా ఆ కార్డు ముఖం అతన్ని క్షమించమని అడుగుతున్నట్టుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆమె పాత కోటు జేబులు కూడా వెతికాడు. చేతిరుమాలూ, గుండెజబ్బు మాత్రల చీటీ దొరికాయి. ఆ చీటీ సంగతే అతనికి తెలియదు.

ముప్ఫై నాలుగో రోజున, ఇక వేరే దారి లేక, పనికిరాని బొమ్మల కట్టలు విప్పాడు. ఒక్కో ఫిల్ములోని బొమ్మలన్నీ గోరంత సైజులో ఒకే కాగితం మీద వేసుకుని, చెడిపోయినవాటి మీద ఎర్ర పెన్సిలుతో ఇంటూ గీయడం అతని అలవాటు. దూరాన ఏ ముఖమైనా ఇటు తిరిగి కనపడితే చాలు, ఎవరిదో చూడకుండానే గీసేసేవాడు. గీసినదాన్ని మళ్లీ చూసిన పాపాన పోలేదు. భూతద్దం పెట్టుకుని మొదటి ఎర్ర గుర్తు కింద చూశాడు. చేపల బండి. దాని వెనక, వీధి అవతల, గొడుగుతో ఒక ఆడమనిషి తిన్నగా లెన్సులోకి చూస్తోంది.

నేదా.

రెండో ఎర్ర గుర్తు కిందా నేదా. బూట్లు తుడిచేవాడి భుజం వెనకా, మంచులో పిల్లల వెనకా, బాండుమేళం వెనకా ఆమే. యాభై దాటాక లెక్క మానేశాడు. ప్రతి ఆదివారమూ వచ్చింది. కేకెయ్యకుండా, అతనికి తోచేదాకా నిలబడింది. అతను ఇంటికి బయల్దేరగానే పక్క సందులోంచి పరిగెత్తి ముందే చేరి సూపు వేడి చేసి ఉంటుంది. "ఇవాళ కూడా ఎవరో లెన్సులోకి చూసి పాడుచేశారు" అని అతను రాత్రి ఫిల్ము కడిగొచ్చి విసుక్కుంటే, ఆమె తల వంచుకుని రొట్టె కోసేది. అది గుర్తొచ్చి క్రుమ్ గట్టిగా ఏడ్చాడు.

కిందటి చలికాలం బొమ్మల్లో ఆమె స్తంభం పట్టుకుని నిలబడింది. తర్వాతి వాటిలో రెండో చెయ్యి గుండె మీదుంది. వాటి మీద కూడా తన చేత్తోనే ఇంటూ గీశాడు.

మర్నాడు గ్రంథాలయానికి వెళ్లి ఆల్బములు మళ్లీ తెరిచాడు. దూకే మనుషుల్ని వదిలేసి మూలలు చూశాడు. మూడు నాలుగు పేజీలకొకరు, కిటికీలోంచో గుంపు వెనకనుంచో, గురువుల కళ్లలోకి సూటిగా చూస్తూనే ఉన్నారు. గురువులు వాళ్లని కొట్టెయ్యలేదు. ఆ మూడో నియమం ఏ గురువూ చెప్పింది కాదు.

పనికొచ్చే బొమ్మల పక్కనే ఉండబట్టి ఆ ఫిల్ము ముక్కలు పారెయ్యకుండా మిగిలాయి. చేపల బండి నాటి బొమ్మని, బండి తీసేసి, ఆమె ఒక్కతే ఉండేలా పెద్దది చేశాడు. కొంచెం మసకగా వచ్చింది. మరణ ప్రకటనలు అచ్చువేసే కొట్టులో పనిచేసే అమ్మాయి స్పాస్కా దాన్ని పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎంత బావుందో పిన్నిగారు! ఇది దాచుకుని ఆ కార్డు ఫోటో ఇచ్చావేంటి బాబాయ్?"

క్రుమ్ అచ్చు డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

"ఎవరికేసి చూస్తున్నారిందులో, అంత ఓపిగ్గా?"

"భోజనానికి పిలుస్తోందమ్మా" అన్నాడు క్రుమ్. "నాకు వినపళ్లేదు."