ఇంకో ఆత్మకూరు

ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే మాధవ్‌కు అన్నీ తెలిసినవాడని పేరు. ఆన్‌లైన్ పని ఏదున్నా జనం అతని దగ్గరికే వస్తారు. సీతారామపురం దగ్గర పల్లెలో ఉండే అక్క మాలకొండమ్మకు చెవుడు ముదిరినప్పుడు, ఒక ధర్మసంస్థ ఉచితంగా ఇచ్చే చెవి మిషన్‌కు అతనే ఫోనులో దరఖాస్తు పెట్టాడు. పల్లెకు బస్సులు తక్కువని తన అంగడి చిరునామా ఇచ్చాడు.

పోస్టులో పంపామని సంస్థవాళ్లు చెప్పి నెల కావస్తున్నా మిషన్ రాలేదు. మాధవ్‌కు ఓపిక నశించింది. నేరుగా పోస్టాఫీసుకెళ్లి, తమ వీధికి ఉత్తరాలు పంచే లిదియమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"చెవిటిదాని మిషన్ గూడా వదల్లేదా నువ్వు? ఎవురికి అమ్ముకున్నావ్?"

వరసలో ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. లిదియమ్మ మొహం నల్లబడింది. "నా చేతికి రాలేదబ్బయ్యా" అని మాత్రం అంది.

మర్నాడు మధ్యాహ్నం మాధవ్ అంగడిలో అన్నం తింటుంటే ఫోన్ మోగింది.

"పోస్టాఫీసు నుంచి సార్. మీకు పార్సిల్ ఉండాది. అంగడి యాడ?"

"బస్టాండుకెదురుగానే."

"నేనూ బస్టాండు ఎదురుగానే నిలబడినా. మీ బోర్డు కనపళ్లేదే!"

మాధవ్ ఎంగిలి చేత్తోనే బయటికొచ్చి రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

"ఏ ఆత్మకూరు సార్ మీది?"

"ఏందయ్యా, నెల్లూరు జిల్లా ఆత్మకూరు!"

"ఇది నంద్యాల జిల్లా సార్. పార్సిల్ మీద మా పిన్‌కోడే ఉండాది."

మాధవ్ ఫోనులో దరఖాస్తు తీసి చూశాడు. తమ ఊరి కోడు 524తో మొదలవుతుంది. తను ఎక్కించింది 518తో మొదలయ్యేది. దరఖాస్తు పెట్టిన రోజు గిరాకీ హడావుడిలో, వెతికితే మొదట కనబడ్డ ఆత్మకూరు కోడునే కొట్టేశాడు. పార్సిల్ ఆ అంకెలను బట్టి తన దారిన తను పోయింది. మిగిలిన అన్నం అట్లాగే వదిలేశాడు.

సాయంత్రం లిదియమ్మ ఇంటికెళ్లి గడప దగ్గరే నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. పిన్‌కోడ్ నేనే తప్పేసినాను."

ఆమె బియ్యం చేట పక్కన పెట్టింది. "అందరి ముందర దొంగని చేసినావు. ఇప్పుడు ఇంటికాడికొచ్చి గొంతు తగ్గించి చెప్తే ఎట్ట?"

మాధవ్ తలొంచుకుని వెనక్కొచ్చాడు.

పొద్దున్నే పోస్టాఫీసుకెళ్లాడు. "ఈరోజు ఎవుర్ని తిట్టేదానికొచ్చినావ్ మాధవ్?" అని వరసలోంచి ఎవరో అంటే నలుగురూ నవ్వారు. అందరికీ వినపడేట్టు చెప్పాడు. "లిదియమ్మ తప్పేం లేదు. పిన్‌కోడ్ నేనే తప్పేసి ఆమెను నోటికొచ్చినట్టన్నాను." నవ్వులు ఆగిపోయాయి. లిదియమ్మ తలెత్తలేదు. సంచీ భుజాన వేసుకుని అతని పక్కనుంచే వెళ్లిపోయింది.

అక్కడివాళ్లు తిప్పి పంపిన పార్సిల్ వారం తర్వాత ఈ ఆత్మకూరు చేరింది. తెచ్చిచ్చింది ఆమే. మంచినీళ్లు ఇవ్వబోతే వద్దని చెయ్యూపింది.

మాధవ్ ఆ రోజే పల్లెకెళ్లి అక్క చెవికి మిషన్ తగిలించాడు. దొడ్లో మేకల అరుపు వినపడి ఆమె పసిపిల్లలా నవ్వింది.

"ఇన్నాళ్లు పట్టిందేందిరా?"

"పోస్టోళ్లు..." అనబోయి ఆగాడు. "నా వల్లే అక్కా" అన్నాడు.

మెల్లగా అన్నా ఆమెకు వినపడింది.