రాజవ్వ పెట్టిన శోకం

పెల్ దొర 1971లో ఇంగ్లండు నుంచి వచ్చాడు. అక్కడ నాటకాలు రాసి ఆడిస్తాడు, టీవీకీ తీస్తాడు. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీకి భూములు పోయిన మా ఊరి మీద టీవీకి ఒక నాటకం తీస్తానన్నాడు. మా మాటలు అతనికి ఇంగ్లీషులో చెప్పడానికి ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ సూర్యారావు వెంట వచ్చాడు.

నాటకంలో ఒక రైతు చస్తాడు. నన్ను శవంగా పడుకోమన్నాడు దొర. నా భార్య రాజవ్వను శోకం పెట్టమన్నాడు.

"బతికున్నోనికి శోకం పెడ్తరా? నాకు నోరెట్లొస్తది?" అంది రాజవ్వ.

"గది నాటకమే. లండన్ల సూపెడ్తరట. జెర ఏడువు," అన్నాను.

"నువ్వు సచ్చినంక ఏడుస్త తియ్యి. గంత జల్దీ ఏంది?"

అందరూ నవ్వారు. నాకు రోషమొచ్చింది. నలుగురిలో నా మాట తీసేస్తావా అని అరిచాను. ఆమె వచ్చి నా తలాపున కూర్చుంది.

మా దిక్కు చచ్చినవాడి బతుకంతా శోకంలో చెప్తారు. రాజవ్వ పెళ్లినాటి నుంచి ఎత్తుకుంది. చాలాసేపు చెప్పింది. చూసే ఆడవాళ్లు నిజంగానే ఏడ్చారు. నేను తెల్లబట్ట కింద నవ్వు ఆపుకున్నాను. బట్టలోకి ఈగ దూరి ముక్కు మీద వాలింది. అదెప్పుడు పోతుందా అనే నా ధ్యాసంతా.

రెండేళ్లకు కామెర్లతో రాజవ్వ పోయింది. మగవాడు శోకం పెట్టడు. పెడదామన్నా నాకు మాటలు లేవు. ఆమెది ఒక్క ఫొటో లేదు. ఆమె బొమ్మ, గొంతు దొర తీసిన టేపులోనే ఉన్నాయి. అది పంపమని సూర్యారావుతో ఉత్తరం రాయించాను.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. సూర్యారావు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చదివాడు.

"ఆ టేపు లేదటయ్యా పోచయ్యా. ఒకసారి చూపించాక దానిమీదే ఇంకో నాటకం ఎక్కించేశారట. టేపు ఖరీదని అక్కడ అలాగే చేస్తారట."

"గొంతు గూడ పోయిందా సారూ?"

"అదీ పోయిందయ్యా." కాగితం తిప్పాడు. "ఇప్పుడు దొర ఆ నాటకాన్నే స్టేజీ మీద ఆడిస్తున్నాడట. రాజవ్వ వేషం ఓ తెల్లావిడ వేస్తుందట. ఆ రోజు ఏమేం అని ఏడ్చిందో రాసి పంపమంటున్నాడు. మీ శోకం నాకు సగం అర్థమే కాలేదు. నువ్వు చెప్పు."

అడిగి వస్తానన్నాను. ఆ రోజు ఏడ్చిన ఆడవాళ్లందరినీ అడిగాను. ఎవరి మొగుణ్ణి తలుచుకుని వాళ్లు ఏడ్చారట.

మర్నాడు సూర్యారావు పెన్ను తీసి కూర్చున్నాడు.

"చెప్పవయ్యా. ఒక్క మాటైనా."

నాకు ఈగ గుర్తుంది.