అత్తయ్య ముక్కు

మా అత్తయ్య ముక్కుకి తిరుగు లేదని వీధంతా పేరు. పక్కింట్లో పాలు అడుగంటుతున్నాయని మా వసారాలో కూర్చునే చెప్పేది. నేను తడిబట్ట ఒక్క పూట మూల పడేస్తే చాలు, గుమ్మంలోంచే పట్టేసేది. పెళ్లయిన ఆరేళ్లలో ఆ ముక్కుతో నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

ఆ ఉదయం మావారు పనికి వెళ్లాక భూమి కంపించింది. పాపను చంకనేసుకుని, అత్తయ్య చెయ్యి పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. అరగంట గడిచింది. ఇల్లు నిలబడే ఉంది. పాప పాలకోసం ఏడుపు లంకించుకుంది. లోపలికి వెళ్లేముందు గ్యాసు వాసన చూసుకోమని ఎదురింటాయన హెచ్చరించాడు. తన ముక్కు ఉండగా భయం దేనికంది అత్తయ్య. తలుపు తీసి, రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి, ఏమీ లేదని తేల్చేసి వంటింట్లోకి నడిచింది.

వెనకాలే పాపతో గడప దాటానో లేదో, కుళ్లిన గుడ్డు కంపు గుప్పుమంది. అత్తయ్య అప్పటికే లైటరు పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది.

"అత్తయ్యా, అది నొక్కకండి. గ్యాసు."

ఆవిడ మళ్లీ గాలి పీల్చింది. మొహం పాలిపోయింది. లైటరును మెల్లగా గట్టు మీద పెట్టేసింది. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, తలుపులు బార్లా వదిలేసి ఆవిడను బయటికి లాక్కొచ్చాను. పాపను ఎదురింటాయన చేతికిచ్చాను. బయట గోడకున్న గ్యాసు మీటరు పక్కన మావారు ఒక పానా వేలాడదీసి ఉంచారు. ఈ అలంకారం ఎందుకని నేనే ఎన్నోసార్లు దెప్పాను. దాంతోనే వాల్వును గొట్టానికి అడ్డంగా తిప్పాను. గిర్రున తిరుగుతున్న మీటరు ముల్లు ఆగింది. ప్రాణం లేచొచ్చింది. పానా పక్కన పెట్టి అక్కడే గోడవార కూర్చున్నాను.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

"చలికాలంలో జ్వరం వచ్చింది చూడు, అప్పట్నించీ నాకు ఏ వాసనా తెలియట్లేదే. చెబితే వంటింట్లోకి రానివ్వరేమోనని..."

"మరి మొన్న తడిబట్ట ఎలా పట్టేశారు?"

"నీ సంగతి నాకు తెలీదా?"

కోపం రావాల్సింది. కానీ పాప ఏడుపు వినిపిస్తోంది, అత్తయ్య భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. ఇద్దరూ ఉన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

మధ్యాహ్నం గ్యాసు మెకానిక్కు వచ్చాడు. పొయ్యి వెనక గొట్టం అతుకు వదులైందట. బిగించి, సబ్బు నురగ పూసి, బుడగలు రావట్లేదని చూశాకే తన చేత్తో వాల్వు తెరిచాడు. ముందు ఎవరు పసిగట్టారని అడిగాడు. కబురు తెలిసి పని మధ్యలో వచ్చేసిన మావారు కూడా అక్కడే ఉన్నారు. అత్తయ్య తల దించుకుంది.

"మా అత్తయ్యే," అన్నాను.

ఆ రోజునుంచీ పొయ్యి వెలిగించే ముందు ఆవిడ నా వైపు చూస్తుంది. నేను గాలి పీల్చి తలూపుతాను. అప్పుడు అత్తయ్య, ఏ వాసనా లేదని ఇల్లంతా వినబడేలా చెబుతుంది.