తెనాలి ఆవిడకు లేదన్న మందు

నేను ఒక మాత్రల షీటుని. పుట్టినప్పుడు నా ఒంటినిండా మాత్రలుండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. అయినా రేపల్లెలో ఒక మందుల షాపులో, మేకుకు తగిలించుకుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ దర్జాగా వేలాడుతున్నాను. నిండుగా ఉన్నప్పుడు లేని గౌరవం ఖాళీ అయ్యాక దక్కడం మీ మనుషుల్లో ఎంతమందికి జరుగుతుందో తెలియదు. నాకు మాత్రం జరిగింది. ఎలాగో చెబుతాను.

ఎక్కడో ఉత్తరాన, చలికొండల కింద ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. రెండు వెండిరంగు రేకుల మధ్య మాత్రలు పరిచి, వేడి అచ్చుతో ఒక్క నొక్కు నొక్కారు. అంతే, నేను తయారు. తర్వాత నా వీపు మీద ఎర్రగీత గీసి, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని అచ్చువేశారు. దాంతో నాకు కాస్త పొగరు వచ్చిన మాట నిజమే. జ్వరం మాత్రలు ఎవరడిగితే వాళ్ళ వెంట పోతాయి. నేను అలా కాదు, సంతకం చూపిస్తేగాని కదలను. నా పేరు మాత్రం అడగకండి, దాన్ని పెట్టినవాళ్ళకే నోరు తిరగదు. పని చాలా చిన్నది. నిద్ర పట్టనివాళ్ళకు నిద్ర పట్టించడం.

గుంటూరులో నన్ను కొన్నది జంపని శేషారత్నం. రేపల్లెలో అంగన్‌వాడీ టీచరు. మధ్యాహ్నం పిల్లలకు అన్నం, గుడ్డు పెట్టాక చాపలు పరిచి జోలపాట ఎత్తుకుంటుంది. రెండో చరణం పూర్తికాకముందే పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ వాలిపోతారు. అంత అల్లరి పిడుగులను పాటతో పడుకోబెట్టే మనిషికి రాత్రి తన కన్ను మూతపడదు. పక్కనే భర్త నాగభూషణం గుర్రుకొడుతుంటే, వింటూ పడుకోవడం ఆవిడ పని. కారణం ఆవిడకే తెలియదు. గుంటూరు డాక్టరుగారు రెండు మూడు మందులు మార్చి చూశారు. ఒకదానికి ఒళ్ళంతా దద్దుర్లు, ఇంకొకదానికి పగలంతా తలదిమ్ము. ఆఖరికి నేను సరిపడ్డాను. ఆవిడ హాయిగా నిద్రపోతుంటే గాజుల పెట్టెలోంచి వింటూ నేను పొంగిపోయేవాడిని.

ఆ పొంగు ఎక్కువకాలం నిలవలేదు. మా కంపెనీవాళ్ళు సరుకు పంపడం తగ్గించేశారు. గుంటూరు షాపులో చేతులెత్తేశారు. డాక్టరుగారేమో ఇది పడిందిగా, ఇదే ఎక్కడైనా సంపాదించుకోమన్నారు. అప్పటినుంచి శేషారత్నం రెండు మూడు రోజులకొకటి చొప్పున మాత్రలను నా పేరు లేని కొసనుంచి తియ్యడం మొదలుపెట్టింది. పేరున్న కొస చెక్కుచెదరకుండా ఉండాలి మరి, షాపులో చూపించాలి కదా. డాక్టరు చీటీ పర్సులో, నేను కొంగుముడిలో, ఆదివారం వస్తే చాలు రైలెక్కేవాళ్ళం.

తెనాలిలో ఒకాయన నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, తిరగేసి చూసి, లోపలికి కేకేసి అడిగాడు. రావట్లేదని లోపలినుంచి జవాబు. బాపట్లలో రేపొస్తుందన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. ఇంకో షాపులో ఒక పెద్దాయన నన్ను వదిలేసి ఆవిడ మొహం కేసి చూస్తూ, ఎవరికమ్మా, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు. ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనన్న ఆయన భయం ఆవిడకు అర్థమైంది. మా అత్తగారికండీ అనేసింది. ఆ అత్తగారు దిండుకు తల ఆనిస్తే తెల్లారేదాకా కదలని మనిషి. పాపం, ఆవిడకు ఈ జబ్బు ఉన్నట్టు సగం జిల్లాకు తెలుసు, ఆవిడకు తప్ప.

ఇన్ని ఊళ్ళు తిరిగినావిడ అడగని షాపు ఒక్కటే ఉంది. అది అంగన్‌వాడీకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల ఉన్న పానకాలు గారి షాపు. ఆ షాపు ముందు ఒక బల్ల ఉంది. పొద్దునా సాయంత్రమూ పేపరు చదవడానికి వచ్చే పెద్దమనుషులు దాని మీదే ఉంటారు. ఎవరింట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో పేపరుకన్నా ముందు వాళ్ళకు తెలుస్తుంది. టీచరు నిద్రమాత్రలు వేసుకుంటోందని ఒక్కసారి పొక్కితే పిల్లల్ని ఎవరు పంపుతారు? పిల్లలు రాకపోతే ఉద్యోగం ఏమవుతుంది? ఇదీ శేషారత్నం దిగులు.

చివరికి ఒక ఉపాయం పన్నింది. అంగన్‌వాడీ కిటికీ దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పానకాలు గారి షాపుకే ఫోను చేసింది. షాపులో ఉన్నది పాత ల్యాండ్‌ఫోను, నంబరు కనపడదు. తెనాలి నుంచి మాట్లాడుతున్నానండీ అని గొంతు లావు చేసి నా పేరు చెప్పింది. పానకాలు గారు రిసీవరు చెవికి పెట్టుకుని రోడ్డుకేసి చూస్తూ విన్నారు. లేదండీ అన్నారు, పెట్టేశారు. కొంగుముడిలో ఉన్న నాకే అంత చిన్నతనం అనిపించింది, ఆవిడ సంగతి చెప్పాలా.

ఇంతలో నా దగ్గర మాత్ర ఒక్కటే మిగిలింది. మింగితే ఈ రాత్రి నిద్రపడుతుంది, రేపటినుంచి గతేమిటి? అలా దాచుకుని దాచుకుని మింగకుండానే రాత్రులు గడిపింది. కళ్ళు గుంటలు పడ్డాయి. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. పిల్లలు మొహాలు వికారంగా పెట్టినా తిన్నారు.

ఆరోజు ఆయా సెలవు. అన్నాలయ్యాయి, చాపలు పరిచింది, పాట ఎత్తుకుంది. పిల్లలు ఒక్కొక్కరే వాలిపోతున్నారు. పాట నెమ్మదించింది. రెండో చరణం మధ్యలో ఒక మాట సగంలో ఆగిపోయింది. కొంగుముడిలో ఉన్న నాకు ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, అంతే. ఇన్నాళ్ళూ రమ్మన్నా రాని నిద్ర, రాకూడని వేళ వచ్చి కూర్చుంది. నిద్రపుచ్చే జాతివాణ్ణి, లేపడం నాకు చేతకాదు. లాస్య అనే మూడేళ్ళ పిల్ల లేచి కూర్చోవడం, తలుపు గొళ్ళెం లాగడం, చిన్న అడుగుల చప్పుడు మెట్లు దిగడం అన్నీ విన్నాను. బయట ధాన్యం ట్రాక్టర్లు తిరిగే రోడ్డు. అంత భయం నేను ఎన్నడూ ఎరగను.

శేషారత్నానికి మెలకువ వచ్చేసరికి లాస్య తన చాప మీదే నిద్రపోతోంది. గుమ్మంలో పానకాలు గారు కూర్చుని ఉన్నారు. ఆయన ఒక కాలికి చెప్పు లేదు. లాస్య పాదాలు రెండూ రోడ్డు దుమ్ముతో నిండి ఉన్నాయి. ఆవిడ ఆ పాదాలనూ ఈ కాలినీ మార్చి మార్చి చూసింది.

"పాట మధ్యలో ఆగింది టీచరమ్మా, అందుకని తలెత్తి చూశా," అన్నారు పానకాలు గారు. లేచి, జారిపోయిన చెప్పు వెతుక్కుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

ఆవిడ నిద్రపోతున్న పిల్లల మధ్య కూర్చుని ఏడ్చింది. సాయంత్రం లాస్య తల్లి వస్తే, జరిగింది జరిగినట్టు చెప్పింది, మందు సంగతితో సహా. ఆ తల్లి పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. శేషారత్నం తాళం వేసి, రోడ్డు దాటి, బల్ల మీద పెద్దమనుషులంతా చూస్తుండగా నన్నూ చీటీనీ షాపు గాజుబల్ల మీద పెట్టింది.

"బాబాయిగారూ, ఈ మందు నాకే. ఉందా?"

పానకాలు గారు చీటీ చదివారు, డాక్టరు సంతకం చూశారు, సొరుగు లాగారు. నా రేకులో ఉన్న ప్రాణం ఎగిరిపోయినంత పనైంది. లోపల మావాళ్ళు! నిండుగా, మెరుస్తూ, కట్టకట్టి ఉన్నారు.

"ఇవి ఎప్పుడొచ్చాయి?" అంది ఆవిడ.

"మీరు ఫోన్ చేసిన వారానికి. విజయవాడ ఏజెన్సీవాళ్ళను నిలబడనీయకుండా అడిగి తెప్పించా."

"మరి లేదన్నారుగా?"

"తెనాలి ఆవిడకి లేదన్నానమ్మా. ఆ రోజు నిజంగానే లేదు, ఉన్నా అదే చెప్పేవాణ్ణి. మొహం చూడకుండా, చీటీ చూడకుండా ఈ మందు ఉందని ఫోన్లో ఎవరికీ చెప్పను. రోజూ మధ్యాహ్నం నన్ను కునుకు తీయించే గొంతు నాకు తెలీదా? మా టీచరు వచ్చి అడిగితే ఇద్దామని దాచిపెట్టా. మీరేమో ఆదివారం వస్తే రైలెక్కి ఊళ్ళన్నీ తిరుగుతారు గాని ఈ రోడ్డు దాటరు." గొంతు తగ్గించారు. "నేనన్నా దాటాల్సింది. అడగని మందు సంగతి ఎత్తితే చిన్నబుచ్చుకుంటారేమోనని కూర్చున్నా. ఇవాళ ఆ ట్రాక్టరు వాడు బ్రేకు వెయ్యకపోతే..." సొరుగు మూశారు, కట్ట ఇంకా చేతిలోనే ఉంది.

ఇక ఈ సంగతి బల్ల మీదినుంచి ఊరంతా పాకుతుందని నేను బిగుసుకుపోయాను. అంతలో పేపరు వెనకనుంచి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఆ గుంటూరు డాక్టరు ఏ వీధిలో ఉంటాడమ్మా అని అడిగాడు. పక్కాయన, నాక్కూడా కాస్త గట్టిగా చెప్పమ్మా అన్నాడు.

ఆ రాత్రి నా ఆఖరి మాత్ర మింగి శేషారత్నం నిద్రపోయింది. పొద్దున లేచి వెళ్ళేసరికి లాస్య తల్లి పిల్లను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "గొళ్ళెం పైకి పెట్టించండి టీచరుగారూ, దీని చెయ్యి అందకుండా," అని పిల్లను దించి వెళ్ళింది. మధ్యాహ్నంలోపే గొళ్ళెం పైకెక్కింది.

నేను మేకుకెక్కిందీ ఆరోజే. మళ్ళీ తెప్పించేటప్పుడు పొరపాటు జరగకుండా నమూనాగా ఉంచమని ఆవిడే తెచ్చి ఇచ్చింది. ఇక్కడినుంచి నాకు ఫోను బాగా వినిపిస్తుంది. లావు చేసిన గొంతులు, పక్క ఊరి పేర్లు, అత్తగార్ల జబ్బులు ఇంకా వస్తూనే ఉన్నాయి. పానకాలు గారు మాత్రం ఇప్పుడు లేదనడం మానేశారు. చీటీ తీసుకుని షాపుకు రండి, కూర్చుని మాట్లాడదాం అంటున్నారు. కొందరు నిజంగానే వస్తున్నారు. వాళ్ళలో సగంమంది ఈ వీధివాళ్ళే.

ఇప్పుడు మధ్యాహ్నం. రోడ్డు అవతల చాపలు పరిచారు, పాట మొదలైంది. పానకాలు గారి తల అప్పుడే గుండెల మీదికి వాలింది. రెండో చరణం అయింది, మూడోదీ అయింది, పాట చివరిదాకా వెళ్ళి ఆగింది. ఆగగానే పానకాలు గారు ఒక కన్ను తెరిచారు. ఎదురుగా అంగన్‌వాడీ తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, మళ్ళీ మూసుకున్నారు.