వింకో తీసేసిన అడ్డు

"ఈస్టర్ రొట్టె కాల్చే గిన్నెలో పెట్రోలు పోస్తావా, లుద్విక్? మతి ఉందా నీకు?"

"కడిగి ఇస్తాలేవే," అన్నాడు మా ఆయన.

"కడిగితే పోయే వాసనా అది? ఈసారి నీ రొట్టె అందులోనే కాలుస్తాను. తిందువుగాని."

గిన్నెలో నానుతున్నవి మా అన్న వింకో మోటారు రంపం మరలు. స్ప్రూస్ చెట్టు కొమ్మలు నరుకుతుంటే రంపం కొన ఓ కొమ్మకు తగిలి, అది వెనక్కి ఎగిరి అన్నను చంపింది. అప్పటి నుంచీ అది షెడ్డులో గోనెపట్టా కింద ఉంది. రంపమే మోసం చేసిందని అమ్మ చెప్పేది. నేనూ అదే నమ్మాను. సోమవారం మా అమ్మాయి నేజా అడవిలో కోతపనికి చేరుతోంది. జాగ్రత్త గుర్తుండేలా దాని కళ్లెదుట ఇది ఉండాలని లుద్విక్ బాగుచేయడానికి పూనుకున్నాడు.

శనివారం రంపం మోగింది. దుంపల తొక్క తీస్తున్నదాన్ని ఆగిపోయాను. అప్పట్లో కొండవాలు మీంచి ఇదే మోత వచ్చేది. చెట్టు కూలేది, మోత ఆగేది, ఆపైన అన్న ఈల వేసేవాడు. అది విన్నాకే అమ్మ సూప్ వేడిచేసేది. ఇప్పుడూ మోత ఆగింది. కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈల కోసం ఎదురుచూస్తున్నానని కాసేపటికిగానీ తెలియలేదు.

షెడ్డులోకి వెళ్లేసరికి నేజా చేతిలో వంపు తిరిగిన అడ్డు ఒకటి ఉంది. రంపం పిడి ముందు బిగించేది. రంపం ఎగిరితే చేయి దానికి తగిలి, కోసే పళ్ల గొలుసు ఆగిపోతుంది.

"గోడకి వేలాడుతోందమ్మా. ఒక్క గీతైనా లేదు."

"కొమ్మలు కొట్టేటప్పుడు అడ్డొస్తుందని కోతవాళ్లు దీన్ని పీకేసేవాళ్లు," అన్నాడు లుద్విక్. "ఉంచుకున్నవాణ్ణి 'పాలసీసా తెచ్చుకున్నావా' అని ఏడిపించేవాళ్లు. బావ అందరికంటే ముందే తీసేశాడు."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వినేదానివా?"

నేజా చేతిలోంచి అడ్డు తీసుకున్నాను.

"ఇప్పుడు బిగించెయ్యనా? ఆదివారాలు కాసేపు నడుపుతాను. నీకూ ఇష్టమేగా, ఆ మోత."

ఇష్టమే. ఎంతో ఇష్టం. కానీ అడ్డు బిగిస్తే, దాన్ని అన్నే తీసేశాడన్నది కనబడకుండా పోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం భోజనాల దగ్గర పులియబెట్టిన క్యాబేజీ వడ్డిస్తూ చెప్పాను: "లుద్విక్, రంపంలో పెట్రోలు తీసెయ్. అడ్డు బిగించకు. రేపు రెండూ నేజా తీసుకెళ్లి కోతవాళ్ల గుడిసెలో అందరికీ కనబడేలా పక్కపక్కన పెడుతుంది."

"ఎవరిదని అడిగితే ఏం చెప్పనమ్మా?"

"మా మామయ్యదని చెప్పు. అడ్డు ఆయనే తీసేసుకున్నాడని కూడా చెప్పు."